పైకప్పు పరిశీలనలో ఉంది

ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే కావలసిన కనీస సదుపాయాలు ఇవి: చెరొక యూజర్‌నేమ్, ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉన్న పాస్‌వర్డ్ (మన భాషలో పెద్దక్షరాలు ఎక్కడున్నాయని అడగకూడదు), నిబంధనలన్నీ చదివానని చదవకుండానే పెట్టే ఒక టిక్కు, తాను యంత్రం కాదని రుజువు చేసుకోవడానికి ఫోటోల్లో ట్రాఫిక్ లైట్లు వెతికిపట్టుకునే ఓపిక. ఇవేవీ లేని రోజుల్లో జనం ఎలా మాట్లాడుకునేవాళ్ళో పరిశోధకులు ఇంకా తేల్చలేదు. బహుశా ఎదురుపడినప్పుడు నోరు తెరిచేవాళ్ళు.

ఈ వెనుకబాటుతనాన్ని రూపుమాపడానికి నడుం కట్టినవాడు అడ్మిన్ గారు. పగలు ఒక పార్సిల్ కంపెనీ స్టోర్సులో పనిచేసేవాడు. ఆయన సంతకం లేకుండా ఫైలు కదలదు అనేంత పెద్ద ఉద్యోగం కాదు; ఆయన సంతకం పెట్టినా ఫైలు కదలదు. అలాంటి మనిషికి ఒకరోజు వంటింటి గోడ మీద చెమ్మ మరక కనిపించింది. దాని గురించి ఎవరినడగాలో తెలియక, తనలాంటి వాళ్ళు ఎక్కడైనా ఉంటారేమోనని, ఇంటర్నెట్లో ఒక చర్చావేదిక తెరిచాడు. దాని పేరు 'చెమ్మ'.

జనం వచ్చారు. లోకంలో ఇంతమంది గోడలు తడిసి ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఒకరు అడిగేవారు, ఇంకొకరు చెప్పేవారు, అడిగినవారు వెళ్ళి పైపు బిగించుకునేవారు, గోడ ఆరిపోయేది. అడ్మిన్ గారి వంటింటి గోడ కూడా అలాగే ఆరిపోయింది. ఫోరం చరిత్రలో దీన్ని అనాగరిక దశ అంటారు.

తర్వాత ఒక ఆదివారం అడ్మిన్ గారు 'సెట్టింగ్స్' అనే పేజీ తెరిచాడు.

ఆ పేజీలో ఏముందో చూసినవాళ్ళకే తెలుసు. రంగు మార్చవచ్చు, అక్షరం మార్చవచ్చు, సభ్యులకు హోదాలు ఇవ్వవచ్చు, ఇచ్చిన హోదాలు పీకవచ్చు. ఆఫీసులో కుర్చీ మార్చమని ఏళ్ళ తరబడి అడుగుతున్న మనిషికి ఒక్క బటన్ నొక్కితే వేలమంది పేర్ల పక్కన ముద్రలు మారిపోతాయంటే ఎలా ఉంటుంది? కళ్ళు చెమ్మగిల్లాయి. (ఆ ఒక్క చెమ్మకు ఫోరంలో విభాగం లేదు.)

ముందు హోదాలు వచ్చాయి. కొత్తగా చేరినవారు 'చుక్క'. కొన్నాళ్ళు మర్యాదగా ఉంటే 'మరక'. ఆపైన 'ధార', ఇంకా ఆపైన 'జలపాతం'. 'సముద్రం' ఒక్కరే, ఆ ఒక్కరెవరో చెప్పనక్కర్లేదు. నచ్చిన జవాబుకి వేలు పైకెత్తే గుర్తు నాసిగా ఉందని తీసేసి బకెట్ బొమ్మ పెట్టారు. ఎక్కువ బకెట్లు వచ్చినవారి పేరు నీలంగా మెరిసేది. గోడ ఆరిందా లేదా అన్న సంగతి మెల్లగా వెనక్కి జరిగి, ఫలానావారికి బకెట్లు ఎలా వచ్చాయన్న చర్చ ముందుకొచ్చింది.

ఇంత రాజ్యాన్ని ఒక్కడే మొయ్యలేడు కాబట్టి ఇద్దరు మోడరేటర్లను నియమించుకున్నాడు. ఒకాయన నోటరీ లాయరు. ఫోరం నిబంధనలు రాసింది ఆయనే. 'సభ్యుడు' అంటే ఎవరో, 'తడి' అంటే ఏమిటో, 'పైన' అంటే దేనికి పైనో మొదటి అధ్యాయంలోనే నిర్వచించాడు. రెండో ఆయన రిటైరైన హెడ్మాస్టారు. భాషా శుద్ధి, క్రమశిక్షణ ఆయన చేతిలో ఉండేవి.

ఈ హెడ్మాస్టారు ఉండేది అడ్మిన్ గారి ఫ్లాట్‌కి సరిగ్గా పై ఫ్లాట్‌లో. అయినా వాళ్ళిద్దరూ మెట్ల మీద ఎదురుపడితే తలలాడించి తప్పుకునేవాళ్ళు. మాట్లాడుకోవలసినదంతా ఫోరంలో ఉంది కదా, మెట్ల మీద వృథా చెయ్యడం దేనికి.

అడ్మిన్ గారి ఇంట్లో మరో ఇద్దరున్నారు. ఆయన భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా 'ఊపిరి బిగబట్టండి, వదలండి' అని చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా ఆమె మాటలు అంతే పొట్టిగా, అంతే స్పష్టంగా ఉండేవి. ఇక ఆయన తల్లి. పగలు పదకేళీలు నింపుతుంది, రాత్రి రేడియో వింటుంది, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఆవిడ గది సరిగ్గా హెడ్మాస్టారి బాత్రూం కింద ఉంది.

ఆ గది పైకప్పు మూల ఒక మరక కనిపించింది. ముందుగా చూసింది పెద్దావిడే.

"అమ్మాయ్, ఇటు రా. కుందేలులా లేదూ?" అంది కోడలితో.

వారం తిరిగేసరికి కుందేలు ఒంటె అయింది. ఒంటె కింద ఒక గిన్నె పెట్టారు. తర్వాత ఒంటె పొట్ట కిందికి ఉబ్బడం మొదలుపెట్టింది.

"ఏమండీ," అంది భార్య, "అత్తయ్య గదిలో పైకప్పు ఉబ్బింది. వేలితో కొడితే డొల్లగా మోగుతోంది. పైనుంచి నీళ్ళు దిగుతున్నాయి."

అడ్మిన్ గారు ఆ సమయంలో ఫోరం వెనక రంగు పాలపిట్ట నీలమా, నెమలి నీలమా అనే విషయంలో తలమునకలై ఉన్నాడు.

"మంచి ప్రశ్న," అన్నాడు తలెత్తకుండా. "దీనికి మా దగ్గర విభాగం ఉంది."

"నేను అడగట్లేదు. చెబుతున్నాను."

"చెప్పేవాటికి వేరే విభాగం ఉంది."

ఆమె ఊపిరి బిగబట్టింది. వదిలింది. చెప్పులేసుకుని పైకి వెళ్ళింది.

హెడ్మాస్టారు తలుపు తీశాడు. మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"మాస్టారూ, మీ బాత్రూంలో పైపు కారుతున్నట్టుంది. ఒకసారి చూపిస్తే ప్లంబరును పిలిపిస్తాను."

"చూడమ్మా," అన్నాడాయన, "పై ఇంటి నీరు కింది ఇంటికి దిగితే బాధ్యత ఎవరిది అన్న అంశం మీద ఫోరంలో పెద్ద చర్చ నడుస్తోంది. నేనే మొదలుపెట్టాను. రెండు పక్షాలా గట్టి వాదనలున్నాయి. అది తేలకుండా నేను తలుపు తెరిస్తే ఒక పక్షానికి మొగ్గినట్టవుతుంది."

"చర్చ ఎప్పుడు తేలుతుంది?"

"మంచి చర్చ తేలదమ్మా." ఆయన లేచి నిలబడ్డాడు. "నీ బాధ నాకర్థమైంది. కానీ ఇలా నోటిమాటగా చెబితే రేపు నువ్వు చెప్పావనడానికి ఆధారం ఏముంది? ఫోరంలో పెట్టు. నేనే చూస్తాను."

ఆమె కిందికొచ్చి, ఫోన్ తీసి, మొగుడి ఫోరంలో సభ్యురాలిగా చేరింది. పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడటానికి ఆమె ట్రాఫిక్ లైట్లన్నీ గుర్తుపట్టింది, ఒక సగం లైటుతో సహా.

ఐదు నిమిషాల్లో అడ్మిన్ గారి తెర మీద ఎర్ర హెచ్చరిక వెలిగింది. ఒకే ఇంటి కనెక్షన్ నుంచి రెండు ఖాతాలు! ఒకే మనిషి రెండు వేషాలు వేసి తన జవాబులకు తానే బకెట్లు ఇచ్చుకోవడం ఫోరంలో అన్నిటికన్నా నీచమైన నేరం. దాన్ని పట్టుకోవడానికి ఆయనే స్వయంగా ఏర్పాటు చేసిన యంత్రాంగం ఇప్పుడు ఆయన భార్యను ఆయన దొంగవేషంగా గుర్తించింది.

ఇంట్లో అయితే 'నువ్వు', ఫోరంలో అయితే 'మీరు' కాబట్టి ఆయన ఇలా రాశాడు: "గౌరవనీయ చుక్క గారూ, మీరు ఇప్పటికే ఉన్న సభ్యుడు కారని నిరూపించుకోవలసిందిగా మనవి."

వంటింట్లోంచి కేక వచ్చింది. "నేను మీరు కాదని నిరూపించాలా?"

"నిబంధన," అన్నాడు అడ్మిన్ గారు, హాల్లోంచి.

"పెళ్ళయిన దగ్గర్నుంచి అదేగా చేస్తున్నాను!"

"దాని ఫోటో ఏమైనా ఉంటే జతచెయ్యి."

ఆమె ఆస్పత్రి గుర్తింపు కార్డు ఫోటో పంపింది. అందులో ఆమె మొహం మొగుడి మొహంలా లేదని నోటరీ లాయరు పరిశీలించి ధ్రువీకరించాడు. (ఆయన ఆ ధ్రువీకరణ కింద తన స్టాంపు బొమ్మ కూడా వేశాడు. ఫోరంలో అలాంటి స్టాంపు పడిన మొదటి భార్య ఆమే.) ఇక ప్రశ్న వేసే అర్హత వచ్చింది. ఆమె తన పద్ధతిలో పొట్టిగా రాసింది:

"పైకప్పు ఉబ్బింది. నీళ్ళు కారుతున్నాయి. ఈ గదిలో పెద్దావిడ పడుకుంటే ప్రమాదముండదా?"

'పంపు' అనే బటన్ నొక్కగానే ఖాతా స్తంభించింది. 'సభ్యురాలు అసభ్య పదజాలం వాడారు' అని వచ్చింది.

దీనికి కొంచెం వెనక కథ ఉంది. ఆడవాళ్ళను తిట్టడానికి వాడే రెండక్షరాల మాట ఒకటుంది. (ఇక్కడ రాయలేం. రాస్తే ఈ కథ కూడా పరిశీలనలోకి వెళుతుంది.) ఎవరో ఒక 'ధార' ఎవరో ఒక 'మరక'ను ఆ మాట అన్నాడని హెడ్మాస్టారు దాన్ని నిషేధిత పదాల్లో చేర్చాడు. ఆ రెండక్షరాలు ఎక్కడ కనిపించినా యంత్రం నక్షత్రాలు పెట్టేస్తుంది. అప్పటినుంచి ఫోరంలో 'నమ్మక★★దు', 'సమయ★★దు', 'ఉపయోగ★★దు' అనే కొత్త భాష పుట్టింది. సభ్యులు అలవాటు పడిపోయారు. కొందరైతే నక్షత్రాల్ని కూడా పలకడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఆమె ప్రశ్న తెర మీద 'పెద్దావిడ పడుకుంటే ప్రమాద★★దా' అని మెరుస్తోంది. పెద్దావిడ గురించి ఆ మాట వాడటం మరీ తీవ్రమైన నేరంగా నమోదైంది.

ఆమె నేరుగా పైకి వెళ్ళింది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

"మాస్టారూ, నేను ఎవర్నీ తిట్టలేదు."

"తెలుసమ్మా. కానీ నువ్వు ప్రమాదము, ఉండదా అని విడివిడిగా రాయాలి. సంధి చేశావు."

"మీరు బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు నేర్పింది ఉత్వ సంధేగా?"

హెడ్మాస్టారి మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. ఎంతమంది పిల్లలచేత ఆ సూత్రం వల్లె వేయించాడో, ఎంతమంది చెవులు మెలిపెట్టాడో ఆయనకే లెక్క తెలియదు.

"అప్పుడు నా చేతిలో బెత్తం మాత్రమే ఉండేదమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఫిల్టరుంది."

ఆయన వెనక, బాత్రూం తలుపు సందులోంచి, నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఆయన మర్యాదగా దగ్గి, ఆమె ఖాతా విడుదల చేశాడు.

ఆమె కిందికొచ్చి, సంధి విడగొట్టి, ప్రశ్న మళ్ళీ వేసింది. ఈసారి ఏ తప్పూ లేదు. కాబట్టి అది ఆమోదం కోసం వరసలో నిలబడింది. అయితే ఆమోదించాల్సింది ఎవరు? అడ్మిన్ గారు ప్రశ్న వేసినావిడ భర్త. హెడ్మాస్టారు ప్రశ్నలో ఉన్న నీళ్ళ యజమాని. ఇద్దరికీ స్వప్రయోజనం ఉందని, ఇద్దరూ తప్పుకోవాలని నోటరీ లాయరు రాశాడు. మరి మిగిలింది లాయరే కదా అంటే, ఆవిడ గుర్తింపును ధ్రువీకరించిన వ్యక్తే ఆవిడ ప్రశ్నను కూడా ఆమోదిస్తే ఒకే చేతిలో రెండు అధికారాలు పడతాయని ఆయన కూడా తప్పుకున్నాడు. అందరూ ఇంత నిజాయితీగా తప్పుకున్న సందర్భం ఫోరం చరిత్రలో లేదు. ముగ్గురూ ఒకరికొకరు బకెట్లు ఇచ్చుకున్నారు.

"చూశావా," అన్నాడు అడ్మిన్ గారు భార్యతో, గొంతులో గర్వం దాచుకోలేక. "సొంత పెళ్ళామని కూడా చూడలేదు."

"మీ అమ్మని కూడా చూడలేదు," అంది ఆమె.

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. లేచి తల్లి గదికి వెళ్ళాడు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో తలెత్తి చూశాడు. ఒంటె ఇప్పుడు ఒంటెలా లేదు. నిండుచూలాలి పొట్టలా ఉంది. తల్లి మంచం మీద కూర్చుని పదకేళి నింపుతోంది. కాగితం మీద పడిన నీటిబొట్టును కొంగుతో ఒత్తి, "రావోయ్," అంది. "నిలువు ఆరు. 'పట్టించుకోనితనం', నాలుగక్షరాలు. ఏమిటంటావు?"

"ఉపేక్ష మూడే అవుతుందమ్మా," అన్నాడు ఆలోచిస్తూ.

"నేనూ అక్కడే ఆగాను."

అడ్మిన్ గారు మళ్ళీ పైకి చూశాడు. నిజంగానే భయం వేసింది. వెంటనే ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. గబగబా హాల్లోకి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఇలాంటి ప్రతిష్టంభన వస్తే ఏం చెయ్యాలో తేల్చడానికి సభ్యులందరి మధ్యా ఓటింగ్ పెట్టాడు. మొదటి ఐచ్ఛికం: నాలుగో మోడరేటరును నియమించాలి. రెండోది: ముగ్గురిలో ఒకరు కొద్దిసేపు రాజీనామా చెయ్యాలి. మూడోది: ఓటింగ్ నేపథ్యం రంగు మార్చాలి. మూడోది ముందంజలో ఉంది.

భార్య ఓటు వెయ్యలేదు. అత్తగారి పరుపు చుట్టింది, రేడియో చంకన పెట్టుకుంది, పెద్దావిడను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది.

"ఇక్కడెందుకే?" అంది పెద్దావిడ.

"గాలి బాగా వస్తుంది, అత్తయ్యా."

"నువ్వు అబద్ధం చెబితే కూడా ఎక్స్‌రే తీసినట్టే ఉంటుంది. లోపలంతా కనిపిస్తుంది," అంటూ పెద్దావిడ నవ్వి, సోఫా పక్కన పరుపు వేయించుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున, కాఫీ తాగుతుండగా, పైకప్పు పడింది.

పిడుగు పడ్డట్టేం లేదు. ఎవరో బరువైన మూట దించినట్టు ఒక్క చప్పుడు, తర్వాత పాత సున్నం వాసన. ముగ్గురూ వెళ్ళి చూశారు. మంచం కోళ్ళు రెండు విరిగాయి. పెద్దావిడ తల పెట్టుకునే చోట తలగడంత పెచ్చు పడి ఉంది. పైన తుప్పు పట్టిన ఊచలు పక్కటెముకల్లా బయటికి కనిపిస్తున్నాయి. భార్య వాటిని చాలాసేపు చూసింది, ఇలాంటివి చూడటం ఆమెకు అలవాటే కదా. అడ్మిన్ గారు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆయన ఆ పెచ్చు ముందు చతికిలబడి, దాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, "అమ్మా," అన్నాడు. చిన్నప్పుడు పడిపోయినప్పుడు పిలిచినట్టు.

"నాకేం కాలేదురా," అంది తల్లి. "పదకేళి కూడా హాల్లోనే ఉంది."

చప్పుడు విని హెడ్మాస్టారు కిందికి దిగాడు. ఆ ఇంట్లోకి ఆయన రావడం అదే మొదటిసారి. మంచాన్ని చూశాడు, పెచ్చును చూశాడు, పెద్దావిడను చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి అడ్మిన్ గారి పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"ఆవిడ ప్రశ్న 'పైకప్పులు' విభాగంలో ఉందా?"

"ఉంది మాస్టారూ."

"ఇప్పుడది పైకప్పు కాదు కదా. నేల మీద ఉంది."

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు.

భార్య వాళ్ళ మధ్యలోంచి నడిచి, పైకి వెళ్ళి, తెరిచి ఉన్న తలుపులోంచి హెడ్మాస్టారి ఇంట్లోకి దూరి, బాత్రూం నీళ్ళు కట్టేసింది. ప్లంబరుకు ఫోన్ చేసింది. అతను వచ్చి, గోడలో పగిలిన పైపు ముక్క తీసి కొత్తది వేసి, మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళిపోయాడు. ఎవరి బాధ్యత అన్న చర్చ ఆ సమయానికి కొత్త మలుపు తిరిగి, 'బాధ్యత' అన్న మాటను నిర్వచించాలనే దగ్గర ఉంది.

ఆ సాయంత్రమే ఆమె ప్రశ్నకు ఆమోదం వచ్చింది. ఇప్పుడు ప్రమాదం లేదు కాబట్టి ఎవరికీ స్వప్రయోజనం లేదని లాయరు తేల్చాడు. ప్రశ్న కింద ఎవరో కొత్త 'చుక్క' ఆశగా రాశాడు: "మా ఇంట్లో కూడా ఇలాగే ఉబ్బింది. మీకు పరిష్కారం దొరికిందా?" ఆమె ఆస్పత్రిలో ఒక రోగికి ఊపిరి బిగబట్టమని చెప్పి, ఆ మధ్యలోనే ఫోన్ తీసి జవాబిచ్చింది: "ముందు ఆ గది ఖాళీ చెయ్యండి. తర్వాత పైకి వెళ్ళి నీళ్ళు కట్టెయ్యండి." (రోగి అప్పటికే ఎర్రబడ్డాడు. వదలమని చెప్పింది.) ఆ జవాబు నిడివి చాలలేదని యంత్రం వెనక్కి కొట్టింది. ఆమె రెండోసారి ప్రయత్నించలేదు. ఆ చుక్క గురించి ఆ తర్వాత ఏమీ తెలియదు. ఫోరంలో మళ్ళీ కనిపించలేదు.

కానీ అడ్మిన్ గారు మునుపటి మనిషి కాదు. ఆ పెచ్చు ఆయన్ను కదిలించింది. ఇంకెవరి తల్లికీ ఇలా జరగకూడదని ఒట్టు పెట్టుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి, తిండి కూడా సరిగ్గా తినకుండా కూర్చుని 'అత్యవసరం' అనే కొత్త విభాగం కట్టాడు. ఎర్రటి రంగు వేశాడు, పైన గంట బొమ్మ పెట్టాడు. నిబంధనలు కూడా ఈసారి చాలా సరళం. రాసేవారు కనీసం 'ధార' అయి ఉండాలి. పైకప్పు ఎప్పుడు పడబోతోందో ముందుగా తెలియజేయాలి. పడిన ఫోటో జతచెయ్యాలి. పడకముందు రాసినవి 'సాధారణం'లోకీ, పడ్డాక రాసినవి 'జ్ఞాపకాలు'లోకీ వాటంతటవే వెళ్ళిపోతాయి. సభ్యులు బకెట్ల వర్షం కురిపించారు. హెడ్మాస్టారు ఈ విభాగాన్ని పెద్దావిడకు అంకితం చెయ్యాలని ప్రతిపాదించాడు.

మేస్త్రీ వచ్చి కప్పుకి కొత్త పూత పూసి వెళ్ళాడు. మంచానికి కొత్త కోళ్ళు వచ్చాయి. ఇంకా పూత ఆరిందో లేదోనని పెద్దావిడ గది గుమ్మం దగ్గర నిలబడి, తలెత్తి కాసేపు చూసి, కొడుకు వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఒరేయ్ అబ్బాయీ, ఇవాళ్టి నుంచి నేనా గదిలో పడుకోవచ్చా?"

అడ్మిన్ గారు తెర మీద నుంచి చూపు తిప్పాడు. తల్లి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, అది కొత్త ప్రశ్న," అన్నాడు, ఎంతో ప్రేమగా. "దానికి వేరే టాపిక్ తెరవాలి."